గాజుతొట్టిలో కేరళ సుందరి



ముందుగదిలో గాజుతొట్టి పెట్టి రంగుచేపలు పెంచడం మనకు కొత్త సరదా ఏం కాదు. పిల్లవాడు అన్నం తినకపోతే తొట్టి ముందు కూర్చోబెట్టి తినిపించే తల్లులూ వున్నారు. అలాంటి తొట్లకోసం అమ్మే ఒక చేప సంగతి ఇవాళ చెప్తాను. దుకాణాలవాళ్ళు దాన్ని ‘మిస్ కేరళ’ అంటారు.

వెండిరంగు వొళ్ళు. ముక్కు దగ్గర బయలుదేరి కంటిమీదుగా నడుందాకా ఎర్రగీత, దానికింద తోకదాకా నల్లగీత. ఆ యెరుపు చూసే మలయాళీలు ‘చోరక్కణియాన్’ అన్నారు. చోర అంటే వాళ్ళ భాషలో నెత్తురు, మన దొంగ కాదు సుమండీ! 1865లో ఫ్రాన్సిస్ డే అనే ఆయన దీన్ని శాస్త్రగ్రంథాల కెక్కిస్తూ, అప్పటి మద్రాసు గవర్నరు డెనిసన్ పేరు తగిలించాడు.

ఇంత అందగత్తెకు పుట్టిల్లు మాత్రం చాలా చిన్నది. పడమటి కనుమల్లో, కేరళలోనూ దాన్ని ఆనుకున్న దక్షిణ కర్ణాటకలోనూ చాలియార్, వళపట్టణం, చంద్రగిరి, అచ్చన్‌కోవిల్ వంటి కొద్ది నదులు, అంతే. మన కృష్ణా గోదావరుల్లో ఎంత వెదికినా దొరకదు. ఆ నదుల్లోనైనా రాళ్ళమీద పారే చల్లని నీళ్ళు, గట్టున చెట్లనీడ కావాలి. పైగా గుంపుగా తిరుగుతుంది గనక, మడుగులో ఒక్క వల వేస్తే గుంపంతా పడిపోతుంది.

1997లో సింగపూరు ప్రదర్శనలో బహుమతి వచ్చింది. దాంతో గిరాకీ పెరిగింది. 2005 నుంచి 2012 లోపల దీన్నీ, దీని దగ్గర చుట్టమైన చాలక్కుడి నది చేపనూ కలిపి 3 లక్షలకు పైగా మనదేశం నుంచి ఎగుమతి చేశారు. ఆనకట్టలు, ఇసుక తవ్వకాలు, నీళ్ళలో మందు కలిపి చేపలు పట్టడం సరేసరి. ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది.

కేరళ ప్రభుత్వం 2008లో కట్టుబాట్లు పెట్టకపోలేదు. జూన్, జులై, అక్టోబరు నెలల్లో పట్టగూడదన్నారు. తీరా శాస్త్రజ్ఞులు చూస్తే అది గుడ్లు పెట్టే కాలం అక్టోబరు నుంచి మార్చిదాకా! ఉత్తప్పుడు తలుపు గడియపెట్టి, పురిటివేళకు బార్లా తెరిచినట్టయింది.

ఇప్పుడు దీన్ని తొట్లలోనే గుడ్లు పెట్టించి పిల్లల్ని తీయడం వచ్చింది. ఆగ్నేయాసియా దేశాల్లో అలా పెంచి అమ్ముతున్నారు. అందుకని దుకాణానికి వెళ్తే ధర తర్వాత, ముందు ఇది ఏటిలో పట్టిందా, పెంపకంలో పుట్టిందా, అమ్మడానికి చట్టం ఒప్పుకుంటుందా, కాగితం వుందా అని అడగండి. తడబడితే కొనకండి. ఇంకోమాట, అది ఆరంగుళాల దాకా ఎదిగే చేప. ఒంటరిగా వుండలేదు, నాలుగడుగుల తొట్టికి తక్కువైతే ఇమడదు. పిల్లలు ముచ్చటపడ్డారని గుండ్రటి గాజుబుడ్డిలో వెయ్యకండి. పెంచలేకపోతే చెరువులోనో కాలవలోనో వదలకుండా, కొన్నచోటే తిరిగి ఇచ్చెయ్యండి.