గోధుమరంగు లెక్క

చిల్కూరు బాలాజీ గుడిలో ప్రదక్షిణలు చేసేవాళ్ల చేతిలో గళ్లు అచ్చువేసిన చిన్న కాగితం ఉంటుంది. ఒక చుట్టు పూర్తవగానే పెన్నుతో ఒక గడి కొట్టేస్తారు. మొక్కుకునేటప్పుడు 11 చుట్లు, కోరిక తీరాక 108. అమ్మకో అక్కకో ఒంట్లో నయం కావాలని తిరిగేవాళ్లూ ఆ గుంపులో ఉంటారు. ఆ అమ్మకు వచ్చింది అండాశయ క్యాన్సర్ అయితే, హైదరాబాద్‌లో ఏదో ఒక ల్యాబులో మైక్రోస్కోపు ముందు మరో లెక్క నడుస్తుంటుంది.

ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్కను మైనపు దిమ్మలో బిగించి, వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలుచని పొరగా కోస్తారు. దానిమీద యాంటీబాడీ వేసి, రంగు పట్టిస్తారు. వెతుకుతున్న గ్రాహకం, అంటే రిసెప్టర్, ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది; మిగతాదంతా లేత నీలం. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ గ్రాహకాలైతే కణకేంద్రకం గోధుమ చుక్కలా కనిపిస్తుంది. నూటికి ఎన్ని కణాలకు రంగు పట్టిందన్నదే లెక్క.

ఆ లెక్క ఏం చెబుతుంది? 2013లో ‘లాన్సెట్ ఆంకాలజీ’లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం 2,933 మంది స్త్రీల అండాశయ గడ్డలను పరిశీలించింది. ఆ క్యాన్సర్‌లో ఎండోమెట్రియాయిడ్ రకంలో ఈ రెండు గ్రాహకాల్లో ఏది ఉన్నా రోగులు ఎక్కువకాలం బతికారు. ఎక్కువమందిలో కనిపించే హైగ్రేడ్ సీరస్ రకంలో మాత్రం, సగానికి పైగా కణాల్లో ప్రొజెస్టిరాన్ గ్రాహకం ఉంటేనే ఆ మేలు కనిపించింది. అందుకే రకం తెలియకుండా శాతం ఒక్కటే చూసి ధైర్యపడటం, బెంగపడటం రెండూ తప్పే.

ఇంకో గ్రాహకం కథ మన భీమవరంతో ముడిపడింది. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం 1940ల్లో అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ ఆమ్లం ఫోలేట్‌కు ఒక రూపం; కణం రెండుగా చీలాలంటే ఫోలేట్ కావాలి. హైగ్రేడ్ సీరస్ గడ్డల్లో చాలావాటి కణాల పైపొరమీద ఫోలేట్‌ను పట్టుకునే గ్రాహకం దట్టంగా ఉంటుంది. రంగు వేస్తే కణం చుట్టూ గోధుమరంగు అంచు కట్టినట్టుంటుంది. మిర్వెటుక్సిమాబ్ అనే మందు ఆ గ్రాహకాన్నే పట్టుకుని లోపలికి పోయి విషం వదులుతుంది. అమెరికా దీన్ని 2022లో అనుమతించింది. ప్లాటినం మందులకు లొంగని జబ్బులో, నూటికి 75 కణాలకైనా రంగు బాగా పట్టినవారికే ఇస్తారు. అలాంటివారిలో ఈ మందు తీసుకున్న సగంమంది 16 నెలలకు పైగా బతికారు. మామూలు కీమోతో అది 13 నెలలకు దగ్గర. మూడు నెలలు, ఒక ఇంటికి చిన్న కాలమేమీ కాదు.

ఆసుపత్రి మారేటప్పుడు రిపోర్టుతోపాటు ఆ మైనపు దిమ్మనూ అడిగి తీసుకోవాలి. వేడి తగలనిచోట దాచితే, ఏళ్ల తర్వాత కూడా దాన్నుంచి కొత్త పొర కోసి రంగు వేసి చూడొచ్చు.