కొత్తవాడికి రంపం ఇచ్చే ముందు

కోలారు జిల్లా అనగానే బయటివారికి బంగారు గనులే గుర్తుకు వస్తాయి. ఇక్కడివారిని అడగండి, శ్రీనివాసపురం మామిడి పేరు ముందు చెబుతారు. జీవనది లేని నేల మాది. బోరు నీళ్లు పాతాళానికి పోయినా బాదామి, తోతాపురి, మల్లిక, నీలం తోపులు ఎన్నో కుటుంబాలకు అన్నం పెడుతున్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, గనుల ఊరికి వెళితే తమిళం. ఇలా మూడు భాషల మధ్య పెరిగినవాణ్ణి. 30 ఏళ్లకు పైగా తోపుల్లో కొమ్మలు కత్తిరించే మేస్త్రీగా ఉన్నాను.

"పనివాళ్లు దొరకరు, దొరికినా ఒళ్లు వంచరు" అని తోపుల యజమానులు అంటుంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనేవాణ్ణి. ఒక చీలిన కొమ్మ నా ఆలోచన మార్చింది.

ముందు పని సంగతి చెబుతాను. కోతలు ముగిశాక జూలై, ఆగస్టు నెలల్లో ఎండుకొమ్మలను, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలను తీసేస్తాం. చెట్టు నడుమకు ఎండా గాలీ తగలాలి. ఆలస్యమైతే కొత్త చిగురు ముదరక పూత తగ్గుతుంది. బరువైన కొమ్మను నేరుగా పైనుంచి కోయకూడదు. మొదట మానుకు జానెడు దూరంలో, అడుగు వైపు నుంచి మూడో వంతు కోయాలి. తర్వాత కాస్త అవతల పైనుంచి కోస్తే కొమ్మ శుభ్రంగా తెగి పడుతుంది. మిగిలిన మోడును ఆఖరున తీసి, కోసినచోట బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు, ఇదీ దాని కొలత. అడుగుకోత మరిచారా, కొమ్మ తన బరువుకు తానే జారుతూ మాను బెరడును చీల్చుకుపోతుంది. ఆ గాయంలో కుళ్లు చేరుతుంది. తాత నాటిన చెట్టు మనుమడికి మిగలదు.

కొన్నేళ్ల క్రితం పని ముమ్మరంగా ఉన్నప్పుడు నా పాతవాళ్లు ఇద్దరు బెంగళూరు కట్టడాల పనికి వెళ్లిపోయారు. వారి స్థానంలో ఇద్దరు కొత్తవాళ్లను పెట్టుకున్నాను. ఒకడు పక్క పల్లెవాడు, కండలు తిరిగినవాడు. కోతిలా చెట్టెక్కేవాడు. రెండోవాడు మారికుప్పం కుర్రవాడు, బక్కపలచనివాడు. వాళ్ల నాయన గని కార్మికుడు. 1880లో ఆంగ్ల కంపెనీ చేపట్టి, 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు తెప్పించుకుని, మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ తర్వాత ఎందరో పొద్దున్నే రైలెక్కి కూలికి బెంగళూరు వెళ్లసాగారు. ఆ నాయనా వారిలో ఒకడు.

మొదటివాణ్ణి చూసి మురిసిపోయాను, రెండోవాణ్ణి చూసి పెదవి విరిచాను. మూడోనాడు మబ్బు పట్టింది. వాన రాకముందే ముగించాలన్న తొందరలో ఇద్దరికీ రంపాలిచ్చి చెట్లెక్కించాను. కాసేపటికి బక్కవాడు దిగివచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"అన్నా, కొమ్మ చీలిపోయింది. మాను బెరడు మూరెడు లేచింది. తప్పు నాదే."

నోటికొచ్చినట్లు తిట్టాను. తోపు యజమాని వచ్చి "వాణ్ణి ఇప్పుడే పంపించెయ్" అన్నాడు. సాయంత్రం చెట్లన్నీ తిరిగి చూస్తే బలవంతుడు కోసిన చెట్టు మీదా అలాంటి చీలికే ఉంది. కాకపోతే దాన్ని మట్టితో కప్పి, పైన పేస్టు పూశాడు.

బక్కవాణ్ణి పిలిచి "నువ్వెందుకు దాచలేదప్పా?" అని అడిగాను.

"మా నాయన చెప్పేవాడన్నా, గనిలో రాయి పలికిన చప్పుడు విన్నవాడు వెంటనే అరవాలంట. దాస్తే తనతోపాటు పక్కవాడూ పోతాడంట" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అడుగుకోత వాళ్లకు నేను ఒక్కసారీ చేసి చూపించలేదు. తప్పు మొదట నాది. మర్నాడు యజమానికి అదే మాట చెప్పి, రెండు చెట్లకూ నష్టం నేనే భరించాను. కుర్రవాణ్ణి పంపలేదు. మరుసటి ఏడు ఆ తోపు పని నాకు రాలేదు. బలవంతుణ్ణీ కూర్చోబెట్టి చెప్పాను గానీ, అతడు వారం తిరగకుండానే మానేశాడు.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. కొత్తవాడు మొదటి వారం నేలమీదే ఉంటాడు. కొమ్మలు లాగుతాడు, పేస్టు కలుపుతాడు, కోత చూస్తాడు. ఆ వారానికీ పూర్తి కూలి, ఏ రోజుది ఆ రోజే. నడుముకు మోకు లేనిదే ఎవరూ చెట్టెక్కరు. ఒళ్లు వంచడం పనివాడి ధర్మమైతే, నేర్పడం, కాపాడడం పని ఇచ్చేవాడి ధర్మం. రెండోది లేకుండా మొదటిది అడిగే హక్కు మనకు లేదు.

ఆ కుర్రవాడు ఇప్పుడు సొంతంగా నలుగురిని వెంటబెట్టుకుని పని పట్టే మేస్త్రీ. మీ పెరటి చెట్టు కొట్టడానికి కొత్తవాడెవరైనా వస్తే కండలు చూడకండి. "కొమ్మ చీలితే ఏం చేస్తావు?" అని అడగండి. "మీకు చెబుతాను" అన్నవాడికి రంపం ఇవ్వండి.