బల్ల వణికితే... బొమ్మ చెదిరినట్లే!

సీటీ స్కాన్ గదిలోకి అడుగుపెట్టగానే అందరి చూపూ ఆ పెద్ద గుండ్రటి యంత్రం మీదే పడుతుంది. దాని ముందున్న సన్నటి బల్లను ఎవరూ పట్టించుకోరు. 'పడుకోవడానికి వేసిన మంచమేగా' అనుకుంటారు. నిజానికి రిపోర్టు సరిగా రావాలంటే యంత్రం ఎంత ముఖ్యమో ఆ బల్లా అంతే ముఖ్యం. స్కాన్ మధ్యలో అది ఊగితే లోపలి బొమ్మ చెదిరిపోతుంది మరి!

లెక్క తప్పుతుంది

మామూలు ఎక్స్‌రే ఒక్క ఫొటోతో అయిపోతుంది. సీటీ అలా కాదు. ఎక్స్‌రే ట్యూబు మన చుట్టూ తిరుగుతూ ఒక్క చుట్టులోనే వందలాది కోణాల్లో కొలతలు తీసుకుంటుంది. వాటన్నిటినీ కలిపి కంప్యూటరు బొమ్మ కడుతుంది. మనిషి మొదటి నుంచి చివరిదాకా తాను అనుకున్నచోటే ఉన్నాడన్న నమ్మకంతోనే అది లెక్కలు వేస్తుంది. మధ్యలో బల్ల ఊగిందనుకోండి, అంచులు రెండుగా కనిపించొచ్చు, చారలు పడొచ్చు. ఊపిరితిత్తుల్లో మూడు నాలుగు మిల్లీమీటర్ల మచ్చ కోసం వెతుకుతున్నప్పుడు ఆ మసకలోనే అది దాక్కోవచ్చు. స్కాన్ మళ్లీ తీయాల్సి వస్తే ఒంటికి రేడియేషనూ అదనమే.

వేగం తెచ్చిన తంటా

1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లే ఆసుపత్రిలో తొలిసారి ఒక రోగి మెదడుకు సీటీ తీశారు. ఆ యంత్రాన్ని రూపొందించిన ఇంజినీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్, శాస్త్రవేత్త అలాన్ కార్మాక్‌తో కలిసి 1979లో నోబెల్ బహుమతి అందుకున్నారు. అప్పట్లో కొలతలన్నీ తీసుకోవడానికి నిమిషాలు పట్టేది. ఇప్పటి వేగవంతమైన యంత్రాల్లో వందల కిలోల సరంజామా సెకనులో మూడో వంతు కన్నా తక్కువ సమయంలోనే ఒక చుట్టు తిరిగేస్తుంది. పైగా 1980ల చివర్లో స్పైరల్ సీటీ వచ్చాక, స్కాన్ జరుగుతుండగానే బల్ల కూడా ముందుకు సాగాల్సి వచ్చింది. గ్రైండరు తిరుగుతుంటే గట్టు మీది గిన్నెలు గణగణలాడతాయి చూడండి, అలాంటి అదురు బల్లకు పాకకుండా చూడాలి.

అందుకు ఇంకో అడ్డంకి ఉంది. బల్లకు ఒకవైపే గట్టి ఆధారం. యంత్రంలోకి వెళ్లే కొన గాల్లోనే ఉంటుంది. మనిషి ఎక్కిన చెట్టుకొమ్మలా అది వంగుతుంది, ఊగుతుంది. ఇనుప దూలం వేద్దామంటే ఎక్స్‌రే కిరణాలకు అడ్డం!

తేలిక... కానీ గట్టి!

దీనికి జవాబు కార్బన్ ఫైబర్. మధ్యలో తేలికపాటి ఫోమ్, పైనా కిందా పలుచటి కార్బన్ ఫైబర్ పొరలు పెట్టి బల్లను తయారుచేస్తారు. తేలిగ్గా ఉంటుంది, వంగదు, కిరణాలనూ పెద్దగా అడ్డుకోదు. ఉయ్యాలను దాని ఊపుకు తగ్గట్టు తోస్తే చిన్న తోపుకే పెద్దగా ఊగుతుంది. బల్లకూ అలాంటి సొంత ఊపు ఒకటుంటుంది. యంత్రం అదురు దాంతో కలవకుండా బల్ల బిగువును సరిచూస్తారు. కారు చక్రాలకు బ్యాలెన్సింగ్ చేసినట్టే, తిరిగే భాగాలకూ చేస్తారు. మోటారు ఒక్కసారిగా లాగకుండా మెల్లగా మొదలై మెల్లగా ఆగేలా నడిపిస్తారు.

పెట్-సీటీలో మరో చిక్కు. ఒకే బల్ల మీద రెండు స్కాన్‌లు జరుగుతాయి. బల్ల లోపలికి వెళ్లేకొద్దీ ఎక్కువ వంగితే రెండు బొమ్మలూ ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోవు. క్యాన్సర్ గడ్డ ఒకచోట ఉంటే మరోచోట ఉన్నట్టు కనిపించొచ్చు. అందుకే కొన్ని యంత్రాల్లో పలక ఒక్కటే కాకుండా కింది పీఠంతో సహా బల్ల మొత్తం జరుగుతుంది. దాంతో వంపు అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది.

ఎమ్మారైలో అయితే...

ఎమ్మారైలో ఎక్స్‌రేలు ఉండవు, తిరిగే ట్యూబూ ఉండదు. అయినా అదురు తప్పదు. లోపలి తీగచుట్టల్లో కరెంటు క్షణక్షణం మారుతుంటే బలమైన అయస్కాంతం వాటిని కుదిపేస్తుంది. మనకు వినిపించే ఢమఢమలు అవే. మెదడులో నీటి అణువుల కదలికను పసిగట్టే డిఫ్యూజన్ స్కాన్‌కు ఈ అదురే శత్రువు. బల్ల వణుకు వల్ల మెదడు బొమ్మలో కొన్నిచోట్ల సంకేతాలు తగ్గిపోతున్నాయని 2010లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. దాన్ని లెక్కల్లో సరిదిద్దే పద్ధతినీ సూచించింది.

మన వంతు

ఇంజినీర్లు ఇంత చేసినా మనం చేయాల్సిందీ కొంత ఉంది. ప్రతి బల్లకూ మోయగలిగే బరువుకు పరిమితి ఉంటుంది కాబట్టి అడిగినప్పుడు మొహమాటపడకుండా అసలు బరువే చెప్పండి. బెల్టు బిగించారని కంగారుపడొద్దు, అది కదలకుండా ఉండటానికే. దిండు కావాలన్నా, నడుం నొప్పి ఉన్నా స్కాన్ మొదలవకముందే చెప్పేయండి. కాళ్లు ఆడించొద్దు. ఊపిరి బిగపట్టమన్నప్పుడు బిగపట్టండి. తోడుగా లోపల ఉండాల్సి వస్తే, టెక్నీషియన్ చెబితే తప్ప బల్ల మీద చెయ్యి వేయొద్దు. ఆ కాసేపు ఓపిక పడితే, రెండోసారి బల్ల ఎక్కాల్సిన పని చాలావరకు తప్పుతుంది.