గ్రామసభకు అధికారమెక్కడిది?

అమ్రాబాదు వీథిలో దీపము వెలుగనిచో మనము హైదరాబాదునకు పోవలసిన పని లేదు. ఎందుకు? 1993లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 73వ సవరణము గ్రామ, మండల, జిల్లా స్థాయులందు ఎన్నికైన సంస్థలుండవలెనని శాసించినది. వీథిదీపములు, పారిశుద్ధ్యము గ్రామపంచాయతి బాధ్యతలు. సర్పంచిని ప్రజలే నేరుగా ఎన్నుకొందురు. మండల పరిషత్తు అధ్యక్షుని మాత్రము ప్రాదేశిక సభ్యులు ఎన్నుకొందురు. అయినను ఈ సంస్థలకు అధికారములను పంచునది రాష్ట్రశాసనమే. 2016లో మహబూబ్‌నగరు నుండి నాగర్‌కర్నూలు జిల్లాను వేరుచేసి అమ్రాబాదును అందు చేర్చినదియు రాష్ట్రప్రభుత్వమే.

అమ్రాబాదు ప్రాంతపు నల్లమల అడవిలోని చెంచుపెంటల, అనగా చెంచు గిరిజనుల పల్లెల, విషయము విశిష్టమైనది, నాకు మిక్కిలి ప్రియమైనది. ఇట్టి షెడ్యూల్డు ప్రాంతములకై 1996లో వచ్చిన పెసా చట్టము, అభివృద్ధి పథకములకై భూమిని సేకరింపబూనినపుడు గ్రామసభను గాని తగిన స్థాయి పంచాయతిని గాని ముందుగా సంప్రదింపవలెనని విధించినది. గ్రామసభ యనగా ఎన్నికైనవారి కూటమి కాదు. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి చెంచు స్త్రీయు, పురుషుడును అందు సభ్యులే.