సినిమా ప్రొజెక్టరు: మరమ్మతులోను, విడదీయుటలోను జాగ్రత్తలు

సినిమా హాలులో తెరపై పడు వెలుగును అందరును చూతురు. ఆ వెలుగు పుట్టు కేబినులోనికి తొంగిచూచినవారు తక్కువ. ఫిల్ము చుట్టలు పోయి డిజిటల్ యంత్రములు వచ్చినవి. యంత్రము చెడినపుడు గాని, హాలు మూతపడినపుడు గాని దానిని ఎవరు విప్పవలెను, ఎట్లు విప్పవలెను అను సంగతి పంచాయతీ సభ్యులు తెలిసికొనియుండుట మంచిది.

డిజిటల్ సినిమా ప్రొజెక్టర్లు అనేకము జెనాన్ దీపముతో పనిచేయును. క్వార్ట్జ్ గాజు బుడ్డిలో జెనాన్ వాయువును మిక్కిలి ఒత్తిడితో నింపియుందురు. దీపము చల్లబడియున్నను లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి అనేక రెట్లుండును; వెలుగునపుడు అది మరింత పెరుగును. కావున ఆరిన దీపమేగదా యని ఉపేక్షింపరాదు. దెబ్బ తగిలినచో అది ప్రేలి, గాజు పెంకులు కన్నులలోను, మెడలోను గ్రుచ్చుకొనగలవు.

దీపము మార్చునపుడు మొదట దానిని ఆర్పి, పంకాలను తిరుగనిచ్చి, తయారీదారు చెప్పినంతసేపు చల్లారనీయవలెను. పిదప మెయిన్ స్విచ్చి తీసి, మరియొకరు వేయకుండ తాళము వేయవలెను. దీపము అంటుకొను క్షణమున వేలకొలది వోల్టుల విద్యుత్తు పుట్టును. స్విచ్చి తీసిన తరువాతను కొన్ని భాగములలో విద్యుత్తు నిలిచియుండును. ముఖమునకు కవచము, చేతులకు మందపు తొడుగులు, మెడ కప్పు దట్టమైన కోటు లేనిదే దీపమును తాకరాదు. వ్రేళ్ల జిడ్డు గాజునకు అంటినచో వేడికి మాడి గాజును బలహీనపరచును. క్రొత్త దీపమును బిగించువరకు దాని కవచమును తీయరాదు. పాతదానిని తీసిన వెంటనే కవచములో పెట్టవలెను.

కొన్ని క్రొత్త యంత్రములలో దీపమునకు మారుగా లేసరు కాంతి యుండును. దాని కిరణము సూటిగా తగిలినను, అద్దముపై పడి తిరిగి తగిలినను చూపు పోవచ్చును. పాఠశాలలలోని చిన్న ప్రొజెక్టర్లు కొన్నింటి దీపములలో పాదరసముండును. అవి పగిలినచో కిటికీలు తెరచి, పిల్లలను వెలుపలికి పంపవలెను.

మరియొక విశేషము. చిత్రములు రహస్య సంకేతములతో బంధింపబడి వచ్చును. యంత్రములోని ముద్రవేసిన భాగమును అధికారము లేనివారు తెరచినచో, యంత్రము దానిని దొంగతనముగా నెంచి చిత్రము చూపుట మానును. కావున తయారీదారు శిక్షణ నిచ్చిన నిపుణుడే దానిని తెరవవలెను.

మూతపడిన హాలులోని యంత్రమును తూకమునకు అమ్ముట మిక్కిలి ప్రమాదము. సుత్తి పట్టిన పనివాని ముందు ఒత్తిడి నిండిన దీపమున్నదని అతనికి తెలియదు. ముందుగా నిపుణునిచే దీపమును తీయించి, కవచములో నుంచి, తక్కిన యంత్రమును నమోదు పొందిన రీసైక్లరుకు అప్పగింపవలెను. ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిర్వహణకై 2022లో చేయబడిన నియమములు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. వాని ప్రకారము నమోదు లేనివారు ఈ రీసైక్లింగు వ్యాపారము చేయరాదు.

మీ గ్రామమున మూతపడిన హాలున్నచో యజమానితో ఒకమాటు మాటలాడుడు. పాత సామానుల వ్యాపారికి, ప్రధానోపాధ్యాయునికి ఈ విషయము తెలుపుడు. పోయిన యంత్రమునకు బదులు మరియొకటి వచ్చును. పోయిన కన్ను తిరిగి రాదు.