సరయేవో: లైబ్రరీ కాలింది, పుస్తకాలు బతికాయి

యూరప్‌లో ఒక రాజధాని నగరం ఉంది. అక్కడి పాత బజారులో, పెద్ద మసీదు పక్కన ఒక గడియార స్తంభం కనిపిస్తుంది. అందులో ముల్లు పన్నెండు మీదికి వచ్చిందంటే మధ్యాహ్నం అయిందని కాదు, మగ్రిబ్ వేళ అయిందని అర్థం. సూర్యాస్తమయం వేళ రోజూ మారుతుంది కదా, అందుకని దాన్ని సరిచేయడానికే ప్రత్యేకంగా ఒక మనిషి ఉంటారు.

ఆ నగరం సరయేవో. బోస్నియా హెర్జెగోవినా రాజధాని. ఈ పేరు వినగానే చాలామందికి 1914 నాటి హత్య గుర్తొస్తుంది, లేదంటే 1990లలో జరిగిన యుద్ధం. కానీ ఈ నగరం కథ తెలియాలంటే అక్కడి కట్టడాలనూ పుస్తకాలనూ చూడాలి. అధికారం కోసం పోట్లాడిన ప్రతివాళ్లూ వాటి మీద ఏదో ఒక ముద్ర వేశారు. కొందరు కట్టారు, కొందరు కాల్చారు. మామూలు ఉద్యోగులు కొందరు కాపాడారు.

పేరులోనే సరాయి

నాంపల్లి సరాయి తెలిసినవాళ్లకు ఈ నగరం పేరు కొత్తగా అనిపించదు. 'సరాయ్' అనే ఫార్సీ మాట తుర్కీలోకి వెళ్లింది, అక్కడ దాని అర్థం రాజభవనం. గవర్నరు భవనం చుట్టూ ఉన్న మైదానం పేరే తర్వాత సరయేవో అయింది. 15వ శతాబ్దంలో ఉస్మానీ గవర్నర్ ఈసా బేగ్ ఈ ఊరికి పునాది వేశాడు. 1462 నాటి ఆయన వక్ఫ్‌నామా ఈ ఊరి పుట్టుకకు తొలి దస్తావేజు లాంటిది.

ఊరిని నగరంగా మార్చింది మాత్రం గాజీ ఖుస్రో బేగ్. సుల్తాన్ రెండో బాయజీద్‌కు కూతురి కొడుకు. 1521లో గవర్నర్‌గా వచ్చి, 1541లో చనిపోయేదాకా, మధ్యలో కొన్నేళ్లు తప్ప ఆ పదవిలోనే ఉన్నాడు. మసీదు, మదర్సా, పేదలకు భోజనశాల, హమామ్, బాటసారులకు బస అన్నీ కట్టించాడు. ఇవి నడవడానికి డబ్బు ఎక్కడిది? దానికీ ఏర్పాటు చేశాడు. రాతితో కప్పు వేసిన బజారు ఒకటి కట్టించి, ఆ దుకాణాల అద్దె వక్ఫ్‌కు చేరేలా రాశాడు. అసలు కదలదు, దాని మీద వచ్చే ఆదాయం మాత్రమే ఖర్చవుతుంది. వక్ఫ్ లెక్క ఇంతే. ఆ బజారులో ఇప్పటికీ వ్యాపారం సాగుతోంది, మదర్సాలో ఇప్పటికీ పిల్లలు చదువుతున్నారు.

1537 నాటి మదర్సా వక్ఫ్‌నామాలో ఆయన ఇంకో షరతు పెట్టాడు. కట్టడం ఖర్చు పోగా మిగిలిన సొమ్ముతో పుస్తకాలు కొనాలని. గాజీ ఖుస్రో బేగ్ లైబ్రరీ అలా మొదలైంది.

ఆ శతాబ్దంలోనే స్పెయిన్ నుంచి తరిమేసిన యూదుల సంతతివారు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. మసీదు, యూదుల సినగాగ్, ఆర్థడాక్స్ చర్చి, కేథలిక్ చర్చి అన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంటాయి. ఈ నగరాన్ని యూరప్‌కు జెరూసలేం అనేది అందుకే.

వియన్నా దొరలు, కైరో కమానులు

1878లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం బోస్నియాను ఆక్రమించింది. కొత్త పాలకులకు ఒక చిక్కు వచ్చింది. పొరుగున ఉన్న సెర్బియా వైపు గానీ, పాత ఉస్మానీల వైపు గానీ జనం మొగ్గకుండా చూడాలి. బోస్నియాకు విడిగా ఒక గుర్తింపు ఉందని చెప్పాలి. దానికి కట్టడాలను వాడుకున్నారు. 1896లో తెరిచిన విజెచ్నిత్సా అనే నగర సభా భవనానికి కైరో, అందలూస్ తరహా కమానులు, చారల గోడలు పెట్టారు. విచిత్రం ఏమిటంటే, స్థానిక ముస్లింల మసీదులేవీ అలా ఉండవు. వాటివి ఉస్మానీ గుమ్మటాలు, సన్నటి మినార్లు. ముస్లింల సంస్కృతి ఇలా ఉంటుందని బయటి పాలకులు ఊహించుకుని కట్టారన్నమాట. అయినా కాలక్రమంలో ఊరివాళ్లు ఆ భవనాన్ని సొంతం చేసుకున్నారు.

ఈ భవనం కోసం స్థలం సేకరిస్తుంటే ఒక పెద్దాయన తన ఇల్లు ఇవ్వనని భీష్మించాడట. చివరికి ఒక సంచి బంగారు నాణేలు తీసుకుని, ఇంటిని ఇటుక ఇటుకా విప్పి నదికి అవతలి ఒడ్డున మళ్లీ కట్టించుకున్నాకే ఒప్పుకున్నాడని చెప్తారు. దాని పేరు 'ఇనాత్ కుచా', అంటే పంతం ఇల్లు. ఉర్దూలో 'ఇనాద్' తెలిసినవాళ్లకు ఆ మాట వెంటనే అందుతుంది.

1914 జూన్ 28న ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్, భార్య సోఫీ ఇదే భవనంలో స్వాగత సభ ముగించుకుని బయల్దేరారు. కాసేపటికే లాటిన్ వంతెన దగ్గర గవ్రిలో ప్రిన్సిప్ వాళ్లను కాల్చి చంపాడు. నెల తిరిగేసరికి మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. తర్వాత యుగోస్లావియా కాలంలో ఆ వంతెనకు ప్రిన్సిప్ పేరు పెట్టారు. 1990లలో మళ్లీ పాత పేరే వచ్చింది. ఒకరికి వీరుడు, ఇంకొకరికి హంతకుడు. ఆ వాదన ఇంకా తెగలేదు.

ఒక యూదు గ్రంథం, ఒక ముస్లిం లైబ్రేరియన్

సరయేవో జాతీయ మ్యూజియంలో 'సరయేవో హగ్గదా' అనే యూదు గ్రంథం ఉంది. 14వ శతాబ్దంలో స్పెయిన్‌లో తయారైంది, బంగారు పూతతో, రంగుల బొమ్మలతో ఉంటుంది. 1942లో నాజీ జనరల్ ఒకడు దానికోసం మ్యూజియానికి వచ్చాడు. అక్కడి లైబ్రేరియన్ దర్వీష్ కోర్కుత్ ముస్లిం పండితుడు. ఆ పుస్తకాన్ని వాడి కంటపడకుండా దాటించేశాడు. యుద్ధం ముగిసేదాకా అది ఒక కొండ ఊరి మసీదులో దాగి ఉందని చెప్తారు. ఒక యూదు అమ్మాయికి కూడా ఆయన, ఆయన భార్య తమ ఇంట్లో ఆశ్రయమిచ్చారు.

1425 రోజులు

1984లో ఇక్కడ శీతాకాల ఒలింపిక్స్ ఘనంగా జరిగాయి. ఎనిమిదేళ్లు గడిచాయో లేదో, 1992 ఏప్రిల్‌లో బోస్నియా సెర్బు బలగాలు చుట్టూ ఉన్న కొండల మీద ఫిరంగులు పెట్టాయి. 1425 రోజులు, అంటే 1996 ఫిబ్రవరి 29 దాకా ముట్టడి సాగింది. ఇది ముస్లింలు ఒక వైపు, మిగతావాళ్లంతా ఒక వైపు అన్నట్టు సాగిన పోరు కాదు. నగరంలోనే ఉండిపోయిన సెర్బులు, క్రొయేట్‌లు కూడా ఆకలికీ గుళ్లకూ ఎదురు నిలిచారు. నగరాన్ని కాపాడిన సైన్యంలో డిప్యూటీ కమాండర్ యోవాన్ దివ్యాక్ స్వయంగా సెర్బు.

షెల్స్ పడింది మనుషుల మీదే కాదు. 1992 మేలో ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్ కాలిపోయి, అరబీ, ఫార్సీ, తుర్కీ చేతిరాత గ్రంథాలు 5,000కు పైగా బూడిదయ్యాయి. ఆగస్టు 25 రాత్రి విజెచ్నిత్సా వంతు వచ్చింది. అప్పటికి అది జాతీయ లైబ్రరీ. నీటి సరఫరా లేదు. గుళ్లు కురుస్తుంటే లైబ్రరీ సిబ్బంది, ఊరివాళ్లు వరుసగా నిలబడి చేతికందినన్ని పుస్తకాలు బయటికి చేరవేశారు. ఒక యువ లైబ్రేరియన్ ఇంటికి వెళ్తూ షెల్ తగిలి చనిపోయారు. పది లక్షలకు పైగా పుస్తకాలు కాలిపోయాయి. కాలిన కాగితం ముక్కలు నగరమంతా నల్లటి మంచులా రాలాయి.

గాజీ ఖుస్రో బేగ్ లైబ్రరీ మాత్రం బతికింది. డైరెక్టర్ ముస్తఫా యాహిచ్, ఆయన సిబ్బంది అరటిపండ్ల అట్టపెట్టెల్లో చేతిరాత గ్రంథాలు సర్ది, స్నైపర్ల కళ్లుగప్పి ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్లారు. ఆ సేకరణలో అతి పాతది ఇమామ్ గజాలీ 'ఇహ్యా ఉలూముద్దీన్' ప్రతి. దాన్ని రాసింది 1105 ప్రాంతంలో. హగ్గదా మళ్లీ ప్రమాదంలో పడినప్పుడు, మ్యూజియం తరఫున ఎన్వర్ ఇమామోవిచ్, పోలీసులతో వెళ్లి దాన్ని బ్యాంకు లాకర్‌కు చేర్చారు.

తిండి లేని రోజుల్లో కళ ఏమిటని ఎవరైనా అడగొచ్చు. సరయేవో వాళ్లు అలా అనుకోలేదు. వెద్రాన్ స్మైలోవిచ్ శిథిలాల మధ్య కూర్చుని చెల్లో వాయించాడు. 1993లో సూసన్ సొంటాగ్ కొవ్వొత్తుల వెలుగులో నాటకం వేయించింది. 1995లో, ముట్టడి ఇంకా ఉండగానే, సరయేవో ఫిల్మ్ ఫెస్టివల్ మొదలైంది. వాళ్లకు అది కాలక్షేపం కాదు. తాము ఇంకా మనుషులుగానే ఉన్నామని చెప్పుకునే దారి.

శాంతి వచ్చింది, జీతం రాలేదు

1995 డేటన్ ఒప్పందంతో తుపాకులు ఆగాయి. దేశం ఒకటే అయినా లోపల రెండు విభాగాలు, అధ్యక్ష స్థానంలో ముగ్గురు. కేంద్ర స్థాయిలో సంస్కృతికి మంత్రిత్వ శాఖే లేదు. మరి జాతీయ మ్యూజియం ఖర్చు ఎవరు భరించాలి? ఎవరూ ముందుకు రాలేదు. యుద్ధాన్ని తట్టుకున్న ఆ మ్యూజియం 2012 అక్టోబరులో డబ్బుల్లేక తలుపులు మూసింది. అయినా ఉద్యోగులు జీతం లేకుండా డ్యూటీకి వచ్చి, సేకరణ పాడవకుండా కాపలా కాశారు. 2015 సెప్టెంబరులో మళ్లీ తెరుచుకుంది.

2014లో ఖతర్ సాయంతో ఖుస్రో బేగ్ లైబ్రరీకి కొత్త భవనం వచ్చింది. అదే ఏడాది మే 9న విజెచ్నిత్సా కూడా తెరుచుకుంది. కమానులు, రంగుల అద్దాలు మునుపటిలాగే ఉన్నాయి. కాలిపోయిన పుస్తకాలు మాత్రం తిరిగి రాలేదు.

భవనాన్ని డబ్బుతో మళ్లీ కట్టొచ్చు. ఒకే ఒక్క ప్రతి ఉన్న చేతిరాత గ్రంథం కాలిపోతే అంతే. సరయేవోలో మిగిలినవి ఎవరో ఒకరు సమయానికి పెట్టెలో సర్ది మోసుకెళ్లబట్టే మిగిలాయి.