పసిబిడ్డల లోపములు: సంచార వైద్య బృందములు, పంచాయతీలు

గ్రామమునకు సంచార వైద్య బృందము వచ్చు దినమున బిడ్డలందరును అంగన్వాడీ కేంద్రమునకు రావలెను. ఇది చిన్న విషయముగా కన్పట్టవచ్చును. కాని ఆ దినము తప్పినచో సుమారు ఆరు మాసములు వేచియుండవలసి వచ్చును. పసిబిడ్డకు ఆరు మాసములనగా ఎంత కాలమో తల్లులెరుగుదురు.

కేంద్ర ప్రభుత్వము 2013లో ఆరంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద ఈ బృందములు ఏర్పడినవి. బృందమునకు ఇద్దరు ఆయుష్ వైద్యులు, వారిలో ఒకరు స్త్రీ, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు ఉండవలెనని నియమము. పుట్టుకతో వచ్చిన లోపములు, పోషక లోపములు, వ్యాధులు, ఎదుగుదలలో ఆలస్యము అను నాలుగింటిని వీరు వెదకుదురు. ఆరేండ్ల లోపు బిడ్డలను సంవత్సరమునకు రెండు పర్యాయములు చూడవలెను. నాలుగు మాసములు నిండినను మెడ నిలుపని బిడ్డను, పదునెనిమిది మాసములకును నడువని బిడ్డను, చప్పుడుకు తిరిగి చూడని బిడ్డను వీరికి తప్పక చూపవలెను.

“వీని తండ్రికిని మాటలు ఆలస్యముగానే వచ్చినవి” అని పెద్దలు ఊరడించుట మనకు తెలియనిది కాదు. ప్రేమతో చెప్పు మాటయే. కాని చెవి వినబడకపోవుటచే మాట రాని బిడ్డకు ఆ ఊరడింపు వలన విలువైన కాలము గడచిపోవును. మాటను గ్రహించు శక్తి తొలి మూడేండ్లలోనే హెచ్చుగా ఉండును.

బృందము గుర్తించిన బిడ్డను జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. అచ్చట పిల్లల వైద్యునితోపాటు వినికిడిని పరీక్షించి మాట నేర్పువారు, ఫిజియోథెరపిస్టు, మనస్తత్వ నిపుణుడు, ప్రత్యేకోపాధ్యాయుడు మున్నగువారు ఒకేచోట పనిచేయవలెనని ఏర్పాటు. ఒక్క వైద్యుడు చాలడా యని కొందరడుగుదురు. చెవికి యంత్రము అమర్చినంత మాత్రమున మాట రాదు. దానిని నేర్పవలెను, ఇంటివద్ద ఎట్లు నేర్పవలెనో తల్లికి చూపవలెను. చికిత్స ఉచితము.

చిక్కంతయు రాకపోకలలో నున్నది. పాదములు లోపలికి తిరిగి పుట్టిన శిశువునే చూడుడు. పుట్టిన కొలది వారములలోనే వారమున కొక పర్యాయము పిండికట్టు మార్చుచు వచ్చినచో, సాధారణముగా ఐదారు కట్లతో పాదము చక్కబడును. తరువాత కడ్డీతో కలిపిన ప్రత్యేకమైన జోళ్లు తొలి మూడు మాసములు ఇంచుమించు రేయింబవళ్లును, పిమ్మట నాలుగేండ్ల వయస్సు వరకు నిద్రించునప్పుడును తొడుగవలెను. పాదము చక్కగా కన్పట్టుచున్నది కదా యని, బిడ్డ ఏడ్చుచున్నది కదా యని వానిని విడిచినచో పాదము మరల వంకర తిరుగును. పడిన శ్రమ వ్యర్థమగును.

ఇచ్చటనే పంచాయతీ సభ్యుల అవసరము కలదు. బృందము వచ్చు తేదీని ప్రాథమిక ఆరోగ్య కేంద్రము నుండి ముందుగా తెలిసికొని, ముందునాడు టముకు వేయింపవలెను. నాట్లు, కోతల దినములైనచో తల్లులకు ఆ పూట సెలవిమ్మని రైతులతో మాటాడవలెను. జిల్లాకు పంపబడిన బిడ్డలలో ఎవరు వెళ్లిరి, ఎవరు మధ్యలో మానిరి యని ఆశా కార్యకర్తను ప్రతి మాసము అడుగవలెను. మానినవారికి కూలి పోవుట కారణమా, బస్సు ఖర్చా, తోడు లేకపోవుటయా యని విచారింపవలెను. కొన్నియెడల అత్తగారిని ఒప్పించుటయే పెద్ద పని! ఆ బిడ్డల పేర్లను మాత్రము గ్రామసభలో చదువరాదు. సభ్యుడొకడు ఇంటికి పోయి మాటాడిన చాలును.